తెర వెనక రెండో పెట్టె

“ఇప్పుడు రెండు,” అన్నాడు పళ్ళ డాక్టరు తెర వెనకనుంచి, నోరు తెరవమనే ముందు రోగికి ధైర్యం చెప్పే గొంతుతో. సూది మళ్ళీ రికార్డు అంచున దిగింది, చిటపటమని రెండు చప్పుళ్ళు, ఆ తరవాత గాయని ఊపిరి తీసుకుంది, అక్కడే సోఫాలో కూర్చుని వింటున్న ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. పాట ఇంకా మొదలే కాలేదు. ఊపిరి తీసుకోవడానికీ గొంతు విచ్చుకోవడానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఎప్పుడో ఎక్కడో ఆ పాట పాడిన గది తాలూకు గాలి వినిపిస్తుంది, అది వినిపించేలా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేది తను ఎరిగినంతలో తను ఒక్కతే. ఇందాక ఒకటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో ఆ గాలి వినిపించింది. బాగుంది, ఇది మనది, అనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, రెండోది ఎలాగూ పోటీకొచ్చిన వెండిపెట్టెవాడిది, బల్ల మీద గిన్నె పడేసినట్టుంటుంది, విని నవ్వుకుందాం అనుకుంది. తీరా చూస్తే రెండోదాంట్లోనూ అదే ఊపిరి, అదే ఖాళీ, అదే గాలి. రెండూ తను చుట్టినవే. ఒకటి పొద్దున తన చేత్తో తనే గుడ్డలో చుట్టి తెచ్చింది. మరి ఆ రెండోది ఎక్కడిది?

అడగడానికి వీల్లేదు. పరీక్ష అయ్యేదాకా ఎవరూ పెదవి విప్పకూడదని డాక్టరు ముందే చెప్పాడు, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళ చెవిని పాడుచేస్తుందట. ఆయన ఇంటి మేడ మీది ఈ గదిలో ఆదివారం మధ్యాహ్నాలు చేరే పాటల పిచ్చివాళ్ళ సంఘం ఇది, కిటికీలకి దళసరి పరదాలు, కింద తివాచీ, గోడ నిండా రికార్డులు, మెత్తటి సోఫాలు, కూర్చుంటే లేవాలనిపించదు, తనకి తప్ప. రికార్డు గాడిలో నడిచే సూది వెనక వేలిగోరంత కార్ట్రిడ్జ్ ఉంటుంది, దాంట్లో ఊగే తీగచుట్ట పుట్టించే కరెంటు ఎంత తక్కువంటే అది ఆంప్లిఫయరు గుమ్మం దాకా కూడా రాలేదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుని ఆ గుసగుసని పదింతలో ఇరవై ఇంతలో చేసి అందించాలి. మరీ తక్కువ ఇంతలైతే పాట వెనక బుస్సుమని రొద. మరీ ఎక్కువైతే మోత పెరుగుతుంది గానీ గొంతు నొక్కేసినట్టయి పైస్వరాలు చచ్చిపోతాయి. ఏ కార్ట్రిడ్జ్‌కి ఏది పొసగుతుందో కొలిచి, విని, జతపరచడం పక్కనే కూర్చున్న తన భర్త పని, చుట్టడం తన పని. అత్తగారు కొడుకుని పెళ్ళిళ్ళ పేరయ్య అని ఆటపట్టిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్లని డబ్బీలంటుంది, “ఇవాళ ఏ డబ్బీకి సంబంధం కుదిరిందిరా?” అని అడిగిగానీ అన్నం వడ్డించదు. ఇవాళ నెగ్గిన పెట్టెని సంఘంలో అందరూ తమ ఇళ్ళలో పెట్టించుకుంటారు. ఉన్న వాడుకదార్లలో సగం మందిని వెండిపెట్టెవాడు ఇప్పటికే ఎగరేసుకుపోయాడు, తళతళలాడే వెండిరంగు డబ్బాల్లో పెట్టి అమ్ముతాడు కాబట్టి, అటు చివరి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న వాడికి ఆ పేరు తనే పెట్టింది. ఇదీ పోతే వర్క్‌షాపుకి తాళం వెయ్యడమే. కానీ ఆ దిగులు పొద్దుటిది. ఇప్పటిది వేరు.

ఎందుకంటే ఆ గాలి ఎలా వస్తుందో తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ ఆయనా. చివరి వరస. లోపలి వరసలన్నీ మెషీను మీద, ఈగ కాలు పట్టే సందు లేకుండా, అన్నీ చుట్టేశాక చివరి వరస మాత్రం తీగ చుట్టే కండె, బాబిన్, ఊడదీసి చేత్తో చుడుతుంది, వదులుగా. మొదట్లో అది నేర్పు కాదు, అవకరం. చిన్నప్పుడు తలుపు సందులో పడి కుడి బొటనవేలు సరిగ్గా అతుక్కోలేదు, రేడియోలు బాగుచేసే నాన్న కొట్లో కూర్చుని తీగ చుట్టడం నేర్చుకున్నప్పుడు చివరికి వచ్చేసరికి ఆ వేలు పట్టు తప్పేది, వరస వదులయ్యేది, నాన్న చూసి, “ఇదేం చుట్టుడే, ఎండలో ఆరేసిన బట్టలా?” అని విప్పించి మళ్ళీ చుట్టించేవాడు, మళ్ళీ వదులే అయ్యేది, విసుగొచ్చి అలాగే పక్కన పడేసేవాడు. అలా పక్కన పడేసిన వాటిలో ఒకటి ఎవరో ఒక సన్నటి మనిషి, చొక్కా జేబులో అగ్గిపెట్టెలో కార్ట్రిడ్జ్ దాచుకుని తిరిగే మనిషి, ఇంటికి తీసుకెళ్ళి విని మర్నాడే పరుగెత్తుకొచ్చాడు. ఇది చుట్టిందెవరండీ అన్నాడు. “మా అమ్మాయిలెండి, తప్పు చేసింది, మార్చిస్తాను,” అన్నాడు నాన్న. “మార్చకండి, ఆ తప్పు నాకిచ్చెయ్యండి,” అన్నాడు ఆయన. నాన్న తన జీవితంలో అంతగా నవ్వడం తను మళ్ళీ చూడలేదు. ఆ తరవాత ఆయన ఆ కొట్టుకి ఎన్ని సాకులతో వచ్చాడో, బాగున్న రేడియోని ఎన్నిసార్లు పాడుచేసుకుని తెచ్చాడో, అవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, రావాలి, కానీ ఇప్పుడు రావడం లేదు. ఆ తప్పు నాకిచ్చెయ్యండి అన్నాడు. ఇచ్చింది. ఇచ్చినదాన్ని తీసుకెళ్ళి ఇంకొకడి చేతిలో పెట్టాడా?

“ఒకటి,” అన్నాడు డాక్టరు. సూది లేచింది, దిగింది, గాయని ఊపిరి తీసుకుంది. అదే. కళ్ళు మూసుకుంది, పట్టుకోవడానికి చిన్న తేడా అయినా దొరుకుతుందేమో, దొరికితే ఎంత బాగుండు, వయొలిన్ కాస్త ఎడంగా జరిగినా చాలు, తబలా కాస్త మెత్తబడినా చాలు, వెండిపెట్టెవాడు తన తంటాలు తను పడి ఎలాగో దీని దగ్గరదాకా వచ్చాడులే అని సరిపెట్టుకోవచ్చు. లేదు. ఏదీ వెంట్రుకంత జరగలేదు. మోత కూడా అంతే, ఇదే మరీ విడ్డూరం, వాడు జన్మలో ఇరవై ఇంతలకి తక్కువ చుట్టలేదు, మోత ఉంటేనే అమ్ముడవుతుందని వాడి లెక్క, మరి ఈ కార్ట్రిడ్జ్‌కి పదింతలే పొసగుతాయని వాడికి ఎవరు చెప్పారు? పోయిన వారం మీటరు పట్టుకుని ఇక్కడికి వచ్చి దీన్ని కొలిచింది ఆయన ఒక్కడే. ఒకవేళ తెర వెనక ఆడుతున్నది రెండుసార్లూ ఒకే పెట్టె కాదు కదా అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ ఎదుటి సోఫాలో వకీలు గారిని చూస్తే ఆ ఆశా పోయింది. రెండు అనగానే ఆయన కనుబొమలు పైకి లేస్తున్నాయి, ఒకటి అనగానే చప్పటి చారు తాగినట్టు పెదవి విరుస్తున్నాడు. ఆయన పక్కన, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి రెండుకి తల ఊపుతున్నాడు, ఒకటికి గోళ్ళు చూసుకుంటున్నాడు. మాట్లాడకూడదని అన్నారు గానీ మొహాలు పెట్టకూడదని ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళుగా వింటున్నవాళ్ళు, ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టి అయినా రికార్డులు కొనేవాళ్ళు, ఇంతమంది తేడా విన్నారంటే పెట్టె మారుతున్నట్టే. పైగా డాక్టరు ఆ పెట్టెలు మార్చే మీటని ఇందాక అందరికీ తిప్పి తిప్పి చూపించాడు, కొత్తది, బంగారు పూత, నా చేత్తో నేనే బిగించానని ఒకటే గొప్ప. వాళ్ళు వింటున్న తేడా ఏమిటో తనకి తెలియదు. తను వింటున్నది మాత్రం తన బొటనవేలే.

ఆయన పక్కనే కూర్చున్నాడు, మోకాలు మోకాలికి తగిలేంత దగ్గర, తల దించుకుని తివాచీ మీది పువ్వుల్ని చూస్తున్నాడు. ఈ మనిషి చెవి సంగతి తనకి తెలియనిదా. ఒకసారి పాత పెట్టె ఒకటి మరమ్మతుకి తిరిగొస్తే కాసేపు విని, “ఇది మనం మాట్లాడుకోని వారంలో చుట్టావు కదూ,” అన్నాడు, నిజమే, ఆడపడుచు పెళ్ళిలో ఏదో మాటా మాటా వచ్చి మూతి ముడుచుకున్న వారం, ఆ కోపమంతా తీగలోకి బిగిసిపోయింది, చివరి వరస కాస్త గట్టిపడింది. అలాంటి చెవి. మరి రెండోది మోగగానే ఆ చెవికి తెలియలేదా? తెలిసి ఉండాలి, తనకంటే ముందే తెలిసి ఉండాలి, తెలిస్తే ఏమీ ఎరగని మనిషి ఏం చేస్తాడు, ఉలిక్కిపడతాడు, తలతిప్పి పెళ్ళాం వంక చూస్తాడు, ఇదేమిటి అని కళ్ళతో అడుగుతాడు. చూడలేదు. తల తిప్పలేదు సరికదా, రెండు అన్నప్పటినుంచి ఇంకా కిందికి దించాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు తెల్లబడేలా పెనవేసుకున్నాడు. అంటే ఆయనకి ఇది కొత్త సంగతి కాదు. ముందే తెలుసు.

అలా అనుకోగానే ఈ మధ్య జరిగినవన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. బాల్కనీలో ఫోను మాట్లాడటం, తను తడిబట్టలు ఆరెయ్యడానికి వెళ్ళేసరికి గొంతు తగ్గించి సరే సరే మళ్ళీ చేస్తాను అనడం. ఎవరండీ అంటే, “ఎవరో కార్ట్రిడ్జ్ గురించిలే.” ఒక సాయంత్రం సందు చివర వెండిపెట్టెవాడి కారులోంచి దిగి అక్కణ్ణించి నడిచి వచ్చాడు, పైనుంచి తను చూడకపోతే చెప్పేవాడే కాదు, అడిగితే దారిలో కనబడి ఎక్కించుకున్నాడన్నాడు, మరి సందు చివరే దిగడం ఎందుకంటే మన సందులో కారు తిరగదన్నాడు. తిరగదు, నిజమే. అలమరలోంచి చుట్టిన బాబిన్ ఒకటి మాయమైంది, ఇల్లంతా వెతికాక సొరుగు వెనక దొరికింది, జారిపడిందన్నాడు, సొరుగు వెనక తను అప్పటికే చెయ్యి పెట్టి చూసిందా లేదా, చూసినట్టే గుర్తు. అన్నిటికంటే ఆ వీడియో. ఒకరోజు ఫోను పట్టుకొచ్చి, “నువ్వు చివరి వరస చుడుతుంటే వేళ్ళు కనబడేలా వీడియో తీస్తాను,” అన్నాడు. ఎందుకు అంటే, “నీ వేలు వాస్తోంది, రేపు చుట్టలేకపోతే ఎలా చుట్టేదానివో మనకైనా గుర్తుండాలి కదా,” అన్నాడు. వేలు వాస్తున్న మాట నిజమే. అన్నిటికీ జవాబులున్నాయి, అదే కదా అనుమానం, తప్పు చెయ్యనివాడికి అడిగినదానికల్లా జవాబు నాలిక చివర సిద్ధంగా ఎందుకుంటుంది? తడబడాలి, ఏమో అనాలి, నాకు గుర్తులేదు పో అనాలి. ఆ రోజునుంచి తను ఆయన ఉన్నప్పుడు చివరి వరస చుట్టడం మానేసింది. వర్క్‌షాపులోకి ఆయన వస్తే పని ఆపి లేచిపోతుంది. ఆయన ఏదైనా అడిగితే ఊఁ అనో ఉహూఁ అనో సరిపెడుతుంది. చొక్కాలు ఉతికే ముందు జేబులు చూస్తుంది, పూర్వమూ చూసేది, చిల్లర కోసం. ఇప్పుడు దేనికోసం చూస్తోందో తనకే తెలియదు.

గాయని చరణంలోకి వచ్చింది. ఎంత హాయిగా పాడుతోంది తల్లి, ఎవరికి ఎవరు ద్రోహం చేస్తే ఆవిడకేం. కళ్ళు మూసుకుంటే చాలు ఆ గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, ఎత్తున, మనిషి నించున్న ఎత్తున నిలబడుతుంది, చెయ్యి చాస్తే కొంగు అందేలా. పాపం ఈ చెయ్యే కదా ఆవిణ్ణి అలా నిలబెట్టింది, రెండు పెట్టెల్లోనూ. ఒకవేళ అత్తగారు ఇచ్చి ఉంటుందా? ఎవరైనా వచ్చి తియ్యగా పిన్నిగారూ అంటే ఆవిడ ఇంట్లో కుర్చీ అయినా ఎత్తిచ్చేస్తుంది, డబ్బీలకేం లెక్క. ఆ ఆలోచన పట్టుకుని కాసేపు వేలాడింది, ఎంత ఊరటగా ఉందో, అత్తగారిని తిట్టుకోవడం అలవాటైన దారి. కానీ కుదరలేదు. పాతది ఎత్తిస్తే పాతదే ఉంటుంది, ఈ కార్ట్రిడ్జ్ కొలత పోయిన వారానిది. కొలతా తెలియాలి, చివరి వరసా తెలియాలి, రెండూ తెలిసినవాడు పక్కన తివాచీ పువ్వులు లెక్కపెడుతున్నాడు. ఎందుకిచ్చాడు? బతిమాలించుకుని ఇచ్చాడా, అడక్కుండానే ఇచ్చాడా? ఆ కారులో మెత్తటి సీట్లో కూర్చుని, మా ఆవిడకి ఇక చేతకాదండీ, వేలు పనికిరాదు, అన్నాడా? ఆ మాట అన్నట్టు వినిపించింది కూడా, ఆయన గొంతుతోనే, ఆ జాలితో సహా. వాడికి ఇంకెవరో చుట్టే పిల్ల ఉండి ఉంటుంది, వేళ్ళు సన్నగా, వాపు లేకుండా, ఈయన పక్కన కుర్చీ వేసుకుని చూపించి ఉంటాడు, ఇలా కాదమ్మా, కాస్త వదలాలి, మా ఆవిడ ఇలా వదులుతుంది. వర్క్‌షాపు పోతే పోయింది, ఎక్కడైనా మోటార్లు చుట్టుకుని బతకచ్చు, పరాయి మనిషి పక్కన కూర్చుని ఆ వదలడం గురించి చెప్పాడే, అది మాత్రం తను భరించలేదు. అది ఇద్దరి మధ్యా ఉండవలసింది.

“రెండు.” వద్దు, ఇంక పెట్టకండి, అని అరవాలనిపించింది. పెట్టాడు. ఇంతకీ ఏం చెయ్యాలి? ఇంటికెళ్ళి అడగడమా? ఇంట్లో అడిగితే జవాబులుంటాయి. ఇక్కడే, అందరిముందూ, పరీక్ష అయిపోయిందనగానే లేచి నిలబడి, గట్టిగా, వకీలు గారు ఉండనే ఉన్నారు సాక్ష్యానికి. ఏమనాలి? ఆ రెండో పెట్టె విప్పించండి డాక్టరు గారూ, అనాలి. విప్పితే చివరి వరస వదులుగా కనబడుతుంది, కనబడ్డాక ఆయన వైపు తిరిగి, నా చెయ్యి ఎవరికిచ్చారండీ, అని అడగాలి. కాదు, అండీ ఎందుకు, ఇన్నేళ్ళూ అన్నది చాలదూ. నా చెయ్యి ఎవరికిచ్చావు. మనసులోనే రెండుసార్లు అని చూసుకుంది. ఆ మాట ఒకసారి పైకి వస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో తను పడుకోలేదు, ఆయనా పడుకోలేడు. రానీ. తెలిసి తెలిసి మింగుకుని రేపటినుంచి ఆ మనిషికి కాఫీ కలిపి ఇవ్వడం తనవల్ల కాదు. ఆయన మోకాలు తన మోకాలికి తగులుతూనే ఉంది, తను జరిగింది, ఆయన కూడా, సరిగ్గా అదే క్షణాన, అటువైపు జరిగాడు. చూశావా, అనుకుంది, దొంగతనం చేసిన ఒళ్ళు.

తెర పక్కకి లాగాడు డాక్టరు. సూది తియ్యలేదు, పాట అలా నడుస్తూనే ఉంది, మీట గుబ్బ రెండు మీద ఉంది. “ఇక మాట్లాడండి బాబూ, ఊపిరి పీల్చుకోండి,” అన్నాడు. వకీలు గారు అప్పటికే లేచారు. “ఇందులో అనుకోవడానికేముందండీ! ఒకటోది మూసిన గదిలోంచి వచ్చినట్టుంది. రెండు పెట్టగానే కిటికీలు తెరిచినట్టయింది. ఆవిడ నా ఎదురుగా కూర్చుని పాడింది,” అన్నారు. మేనేజరు గారు రెండులో తబలాకి ప్రాణం వచ్చిందన్నారు. తక్కిన ముగ్గురూ రెండుకే చేతులెత్తారు. ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు, ఎవరూ గమనించలేదు. డాక్టరు తెల్లటి బల్ల మీద రెండు పెట్టెల్నీ చూపించి, ఒకటి ఈ దంపతులదీ, రెండు ఈయనదీ అని చెప్పగానే వెండిపెట్టెవాడి మొహం వాడి డబ్బాకంటే తళతళలాడింది. ఆమె లేచి నిలబడింది. డాక్టరు గారూ అనబోయింది, పక్కన ఆయన కూడా ఎందుకో లేచాడు, ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ఈ లోపల వెండిపెట్టెవాడు ఆనందం పట్టలేక బల్ల దగ్గరికి వెళ్ళి, “ఇదిగోనండీ, ఇదీ నా పనితనం, చూడండి!” అంటూ తన పెట్టె వైర్లు పుటుక్కున పీకేసి దాన్ని రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించాడు.

పాట ఆగలేదు. గాయని అదే చోట, రెండు స్పీకర్ల నడుమ, నిలబడి పాడుతూనే ఉంది. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఆగాల్సిన పాట ఆగుతుందేమోనని అందరూ మర్యాదగా ఎదురుచూశారు. డాక్టరు గుబ్బ ఒకటి మీదికి తిప్పాడు, పాట సాగింది, రెండు మీదికి తిప్పాడు, సాగింది, గిరగిరా తిప్పాడు. గుబ్బ తిరుగుతోంది గానీ లోపలి ఇరుసు కదలడం లేదు, నా చేత్తో నేనే బిగించానన్న మర బిగిసి ఉంటేగా. మొదటినుంచీ ఆడింది ఒకటోదే, ఒక్కటే, ఆమెదే. వకీలు గారికి దగ్గు తెర వచ్చింది. మేనేజరు గారు తన కళ్ళద్దాలు తుడుచుకునే పనిలో పడ్డారు. వెండిపెట్టెవాడు ఎవరిదో బిడ్డని ఎత్తుకున్నట్టు ఆ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఎక్కడ దించాలో తెలియక. ముందు ఎవరు నవ్వారో గానీ డాక్టరే పడీ పడీ నవ్వాడు, వచ్చే ఆదివారం మళ్ళీ పెడదాం, మీట కాదు, ఈసారి నా చేత్తో వైర్లే మారుస్తాను, అన్నాడు. ఆమె కూడా నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. పెట్టె ఒక్కటే. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆయన ఇవ్వలేదు. ఆ వేళ పొద్దుటినుంచీ కాదు, ఎన్నాళ్ళనుంచో గుండెల మీద కూర్చున్నదేదో దిగిపోయింది, బల్ల మీది తన పెట్టెని గుడ్డలో చుట్టుకుంటుంటే చేతులు తేలిపోతున్నాయి. గంటసేపు తను ఏమేం అనుకుందో ఎవరికీ తెలియదు. ఆ కారులో మాటలు, ఆ చుట్టే పిల్ల, అన్నీ ఈ గదిలోనే పుట్టి ఈ గదిలోనే పోయాయి. అదృష్టం అంటే ఇదే అనుకుంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక కూడా ఆమెకి నవ్వు ఆగలేదు. ఎండ ఇంకా ఉంది, అవతలి పక్క చెప్పుల కొట్టువాడు షట్టరు సగం దించి కునుకు తీస్తున్నాడు. “వకీలు గారి మొహం చూశారా? కిటికీలు తెరిచినట్టుందిట! ఏ కిటికీలో!” అంది. ఆయన నవ్వలేదు. పెట్టె సంచి ఆమె చేతిలోంచి తీసుకుని నడుస్తున్నాడు, నాలుగడుగులు వేసి ఆగాడు.

“ఏమిటలా ఉన్నారు? గెలవకపోతేనేం, ఓడిపోలేదుగా.”

“నీకొకటి చెప్పాలి. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు,” అన్నాడు. “రెండు అనగానే నాకు తెలిసిపోయింది, అదీ నీ చెయ్యేనని. నువ్వే ఇచ్చావనుకున్నాను. వాడికి.”

ఆమె నడక ఆగిపోయింది. ముందు వచ్చింది కోపమే, ఎక్కణ్ణించి వచ్చిందో అంత కోపం. “నేనా? నేనిస్తానా? ఇన్నేళ్ళు కాపురం చేసి నన్ను అంత మాట అనుకున్నారా?”

“అనుకున్నాను. అందరిముందూ అడుగుదామని లేచాను కూడా. ఈ మధ్య నాతో మనసిచ్చి మాట్లాడటం లేదు కదా నువ్వు. నేనొస్తే పని ఆపేసి లేచిపోతున్నావు. ఏదో దాస్తోంది, ఎవరితోనో మాట్లాడుకుంది, అనిపించింది. గంటసేపు నీ పక్కనే కూర్చుని నిన్ను దొంగని చేశాను. నీ మొహం చూడ్డానికి కూడా సిగ్గేసింది.” ఆయన సంచి చెయ్యి మార్చుకున్నాడు. “తప్పయిపోయింది.”

ఆమె సంచి వంక చూసింది, ఎండ వంక చూసింది. ఇప్పుడు తను చెప్పాలి. ఒక్క మాట, నేనూ అంతేనండీ, అంటే చాలు, ఇద్దరూ ఇక్కడే ఈ చెప్పుల కొట్టు ముందే నవ్వుకోవచ్చు, లేదా ఏడవచ్చు. ఆయన అంత తేలిగ్గా అనేశాడు, ఆ మనిషికి అంతే, కడుపులో దాచుకోలేడు. కానీ తప్పు చేసినవాళ్ళ పక్కన నింద పడ్డవాళ్ళుగా నిలబడటంలో ఒక సుఖం ఉంది, అన్యాయం జరిగింది తనకే అన్న సుఖం, ఎంతకాలమైందో అది దొరికి, దాన్ని వదలబుద్ధి కాలేదు. పైగా తను అనుకున్నది ఆయన అనుకున్నంత చిన్నది కాదు. ఆ పిల్ల పక్కన ఆయన కుర్చీ వేసుకోవడం దాకా వెళ్ళింది తను. అది చెబితే ఆయన మొహం ఎలా అవుతుందో చూసే ధైర్యం లేదు.

“మరి నీకు తెలిసే ఉంటుందిగా, రెండూ నీవేనని,” అన్నాడు ఆయన. “నీకేమనిపించింది?”

“నాకా? ఏమీ అనిపించలేదు. ఆ మీటలో ఏదో తేడా ఉండి ఉంటుందిలే అనుకున్నా, అంతే,” అంది.

ఆయన కదలకుండా నిలబడ్డాడు. కోప్పడలేదు, నొచ్చుకున్నట్టు కూడా లేడు. రికార్డు వినేటప్పటిలా తల కాస్త పక్కకి వంచి, ఆమె మొహం వంక కాక ఆమె పెదవుల దగ్గరి గాలి వంక చూస్తున్నట్టు చూశాడు.

“ఇంకొక్కసారి చెప్పు,” అన్నాడు మెల్లగా.

ఆమె చెప్పలేకపోయింది.